వీసా తీరింది, చదువు తీరలేదు

సూళ్లూరుపేట రైల్వే స్టేషన్ నుంచి బజారుకు వచ్చే దారిలో నాది చిన్న నెట్ సెంటర్. అడంగల్, ఈసీ, పరీక్ష ఫీజులు, రైలు టికెట్లు, పాస్‌పోర్టు దరఖాస్తులు నా రోజువారీ పని. అమెరికా వీసా ఫారాలు తర్వాతెప్పుడో వచ్చి కలిశాయి. మొదట్లో కొత్తగా వెళ్లే పిల్లలే వచ్చేవాళ్లు. ఇప్పుడు వెళ్లినవాళ్లు సెలవులకు వచ్చి, వీసా మళ్లీ వేయించుకోవడానికి నా ముందు కుర్చీలో కూర్చుంటున్నారు. కొత్తవాళ్లకు వీసా రాకపోతే ఫీజు పోతుంది, ఒక ఏడాది పోతుంది. వీళ్ల సంగతి వేరు. సగంలో ఉన్న చదువు, అద్దె ఇల్లు, కారు వాయిదాలు, అన్నీ అక్కడే ఉంటాయి. మనిషి మాత్రం ఇక్కడ ఉంటాడు.

అమెరికాలో చదివే విదేశీ విద్యార్థుల్లో ఇప్పుడు మనదేశం వాళ్లే ఎక్కువ. 2023-24లో చైనాను దాటాం. 2024-25 లెక్కలో 3,63,019 మంది. ఇందులో తెలుగు పిల్లలు ఎంతమందో చూడాలంటే సంక్రాంతికి ముందు చెన్నై, హైదరాబాద్ విమానాశ్రయాల్లో బయటికి వచ్చే దారి దగ్గర కాసేపు నిలబడితే చాలు. మామూలుగా మనవాళ్లకు ఎఫ్-1 వీసా అయిదేళ్లకు ఇస్తారు. ఎంఎస్ రెండేళ్లు, తర్వాత ఓపీటీ అని ఉద్యోగం, ఆపైన కొందరికి పీహెచ్‌డీ. చదువు అయిదేళ్లు దాటుతుంది, వీసా ముద్ర దాటదు.

ఈమధ్య వచ్చిన ఒక అమ్మాయి సంగతి చెబితే విషయం తేలిగ్గా అర్థమవుతుంది. వాళ్లది పులికాట్ సరస్సు మధ్యలో ఉన్న ఇరకం దీవి. భీమునివారిపాలెం రేవు నుంచి పడవలో పోవాలి. తండ్రి సరస్సులో వల వేసే మనిషి. అమ్మాయి కొవిడ్ కాలంలో వీసా తీసుకుని ఎంఎస్‌కు పోయింది, అక్కడే పీహెచ్‌డీలో చేరింది. చెల్లెలి పెళ్లికని వచ్చింది. ఆమె పాస్‌పోర్టు నేను స్కానర్ మీద పెట్టినప్పుడు తండ్రి వీసా కాగితం మీది తేదీ చూశాడు. అది చాలా నెలల కిందటే అయిపోయింది.

"ఏందన్నా ఇది? ఇన్నాళ్లూ నా బిడ్డ వీసా లేకుండానే ఉండాదా ఆడ?"

నిజమే, లేకుండానే ఉంది. అయినా తప్పేం చేయలేదు. చాలామంది తల్లిదండ్రులకు ఈ ముక్క తెలియదు. వీసా అనేది లోపలికి పోవడానికి మాత్రమే. మా ఊరివాళ్లకు నేను షార్ అంతరిక్ష కేంద్రం గేటు పాసు లెక్కన చెబుతాను. శ్రీహరికోటలో పనికి పోయినవాడి పాసు గడువు వాడు లోపల ఉండగా తీరిందనుకోండి, వాడి ఉద్యోగం పోదు. బయటికొచ్చి మళ్లీ లోపలికి పోవాలంటేనే కొత్త పాసు కావాలి. అమెరికాలో ఉండే హక్కును చెప్పే కాగితాలు వేరు. దిగినప్పుడు ఇచ్చే ఐ-94 రికార్డులో విద్యార్థులకు తేదీ ఉండదు, డీ/ఎస్ అని ఉంటుంది. చదువు సక్రమంగా సాగినన్నాళ్లు ఉండవచ్చని దాని భావం. కాలేజీ ఇచ్చే ఐ-20 గడువులో ఉండి, పూర్తి కోర్సు చదువుతూ ఉంటే వీసా తేదీ దాటినా స్టేటస్ చెడదు. ఈ డీ/ఎస్ పద్ధతి తీసేసి నాలుగేళ్ల గడువు పెట్టాలని అక్కడి ప్రభుత్వం 2025 ఆగస్టులో ప్రతిపాదించింది. అది అమలైతే నేను చెప్పే లెక్కలు కొన్ని మారతాయి.

"మరి అక్కడే కొత్తది వేయించుకుని రావచ్చు గదా?" అన్నాడు ఆయన. న్యాయమైన ప్రశ్నే, కానీ కుదరదు. విద్యార్థి వీసాను అమెరికా గడ్డ మీద కొత్తగా వేయరు. 2024 మొదట్లో కొద్దిమంది హెచ్-1బీ ఉద్యోగులకు అక్కడే పునరుద్ధరించి చూశారు. విద్యార్థులకు ఆ పాటి ప్రయోగం కూడా జరగలేదు. కెనడాకో మెక్సికోకో పోయి 30 రోజుల్లోపు తిరిగొస్తే, తీరిపోయిన వీసాతోనే లోపలికి రానిచ్చే నిబంధన ఒకటి ఉంది. అయితే అక్కడ కొత్త వీసాకు దరఖాస్తు పెడితే ఆ సదుపాయం పోతుంది. పైగా 2025 సెప్టెంబరు నుంచి ఎవరైనా సొంత దేశంలోనో, నివాసముండే దేశంలోనో ఇంటర్వ్యూకు పోవాలని చెబుతున్నారు. ఇంతకుముందు ఏ దుబాయ్‌లోనో, సింగపూర్‌లోనో స్లాటు వెతుక్కుని పని ముగించుకున్నవాళ్లకు ఆ దారి మూసుకుపోయింది.

ఇంటికి రాక తప్పదు. ఇంటికి వచ్చినవాడిని కాన్సులేట్ వాళ్లు పాత విద్యార్థి అనుకోరు, కొత్త దరఖాస్తుదారుగానే చూస్తారు. రెన్యువల్ అని మనం అంటాం గానీ, కౌంటర్ అవతలి అధికారికి అది మొదటినుంచీ తేల్చాల్సిన వ్యవహారమే. కాబట్టి రావాలా వద్దా అన్నది విమానం టికెట్ కొనక ముందే తేల్చుకోవాలి. నా కుర్చీలో కూర్చున్నాక తేల్చుకోవడానికి ఏమీ మిగలదు.

కొన్నేళ్లు ఈ పని సులువుగానే సాగింది. డ్రాప్‌బాక్స్ అని పిలిచే పద్ధతి ఉండేది. పాత వీసా తీరి ఎక్కువకాలం కాకపోతే ఇంటర్వ్యూ లేకుండా పాస్‌పోర్టు ఇచ్చేసి రావడమే. కొవిడ్ తర్వాత ఆ వెసులుబాటును బాగా పెంచి, వీసా తీరి 48 నెలలు కాకపోతే చాలన్నారు. 2025 ఫిబ్రవరిలో దాన్ని 12 నెలలకు కుదించారు. అదే ఏడాది సెప్టెంబరు 2 నుంచి విద్యార్థులకు పూర్తిగా తీసేశారు. సీనియర్లు చెప్పిన మాట నమ్మి "మామా, డ్రాప్‌బాక్సే కదా, పది రోజుల్లో అయిపోద్ది" అంటూ వచ్చే పిల్లలు నాకు ఇంకా తగులుతున్నారు. వాళ్ల సీనియర్లు చెప్పింది అబద్ధం కాదు, వాళ్ల కాలానికి అది నిజం.

స్లాటు దొరకడమే ఇప్పుడు పెద్ద పని. వేలిముద్రలకు ఒక రోజు, కాన్సులేట్‌లో ఇంటర్వ్యూకు ఇంకో రోజు, రెండూ పట్టుకోవాలి. ఫీజు 185 డాలర్లు, వీసా రాకపోతే తిరిగివ్వరు. 2025 జనవరి నుంచి తేదీ ఒక్కసారే ఉచితంగా మార్చుకోవచ్చు, ఆ పైన మళ్లీ ఫీజు కట్టాల్సిందే. స్లాట్లు ఇప్పిస్తామని వేలకు వేలు గుంజే ఏజెంట్లు ఊరూరా ఉన్నారు. వాళ్లు బాట్లతో పట్టిన స్లాట్లలో దాదాపు రెండు వేలను 2025 మార్చిలో అమెరికా రాయబార కార్యాలయం ఒక్క దెబ్బకు రద్దు చేసింది. లాగిన్ పాస్‌వర్డు పరాయివాడి చేతికి ఇచ్చినవాళ్లు చివరికి తమ ఖాతానే తెరవలేకపోవడం నేను చూశాను.

ఇక డీఎస్-160 ఫారం. ఇది నా రాజ్యం కాబట్టి కాస్త ఎక్కువ చెబుతాను.

ఈ ఫారానికి ఓపిక తక్కువ. ఇరవై నిమిషాలు ఏమీ నొక్కకుండా కూర్చుంటే పేజీ మూసుకుపోతుంది. అప్లికేషన్ నంబరు ముందే రాసి పెట్టుకోకపోతే మళ్లీ మొదటికి. ఫారమంతా ఇంగ్లీషులో నింపాలి గానీ ఒక్క గడిలో మాత్రం పూర్తి పేరు సొంత లిపిలో రాయమంటుంది. ఇరకం అమ్మాయి అక్కడ తెలుగులో టైపు చేస్తుంటే తండ్రి మొదటిసారి స్క్రీన్ వైపు వంగి చదువుకున్నాడు.

పేరు దగ్గర మనవాళ్లకు ఓ తంటా ఉంది. ఇంటి పేరు గడి ఖాళీగా వదిలి, అంతా కలిపి ఒకే గడిలో రాయించిన పాస్‌పోర్టులు చాలా ఉన్నాయి. అలాంటివాళ్లకు వీసాలో అసలు పేరంతా ఇంటి పేరు స్థానంలోకి వెళ్లి, ముందు ఎఫ్ఎన్‌యూ అని పడుతుంది. సొంత పేరు తెలియదని ఆ మూడక్షరాల లెక్క. డ్రైవింగ్ లైసెన్సు మీదా అదే, బ్యాంకు కార్డు మీదా అదే. పాస్‌పోర్టు మార్చుకునేటప్పుడు ఇంటి పేరు విడదీసి రాయించుకోండని చెబుతుంటాను. పాస్‌పోర్టు మారినా, దాని మీద ఉన్న వీసాకు గడువు ఉంటే అది చెల్లుతుంది. రెండు పాస్‌పోర్టులూ పట్టుకుపోతే సరి. అత్యుత్సాహంతో వీసా కాగితం ఊడదీసి కొత్త దాంట్లో అతికించవద్దు.

"మీరు ఏదైనా తెగకు చెందినవారా?" అని ఒక ప్రశ్న ఉంది. ఇక్కడ ప్రతి ఇంటివాళ్లూ ఆగిపోతారు. కులం రాయాలేమోనని భయం. మా వైపు యానాదుల పిల్లలకు ఈ ప్రశ్న నిజంగానే వర్తిస్తుంది, వాళ్లు అవునని చెప్పడంలో ఇబ్బంది లేదు. మిగతావాళ్లు కులాన్ని తెచ్చి అందులో ఇరికించనక్కర్లేదు. ఇంకాస్త కిందికి పోతే ఉగ్రవాద కార్యకలాపాలకు పోతున్నారా, వ్యభిచారం చేయడానికి పోతున్నారా అని అడుగుతుంది. పెద్దవాళ్ల ముందు ఆ పేజీ చదివేటప్పుడు నేను గొంతు తగ్గిస్తాను. నవ్వొచ్చినా ఆ ప్రశ్నలకు బరువుంది. అరెస్టయ్యారా అన్న చోట, తాగి బండి నడిపి పట్టుబడ్డ కేసును దాచినవాడు కేసు కన్నా పెద్ద చిక్కులో పడతాడు. అబద్ధం చెప్పి వీసా కోరారని తేలితే జీవితాంతం ప్రవేశం నిషేధించే సెక్షన్ ఉంది వాళ్ల చట్టంలో.

అన్నిటికన్నా నాకు ఇష్టమైన ప్రశ్న ఇంకోటి. విద్యార్థి గురించి చెప్పగల ఇద్దరి పేర్లు, ఫోన్ నంబర్లు సొంత దేశం నుంచి ఇవ్వాలి, వాళ్లు బంధువులు కాకూడదు. ఇరకం దీవిలో చుట్టం కానివాడు ఎక్కడ దొరుకుతాడు? బాబాయి, మేనమామ, అత్త కొడుకు, వేలు విడిచిన పెదనాన్న... తండ్రీకూతుళ్లు చాలాసేపు వెతికారు. చివరికి తడ హైస్కూల్లో చదువు చెప్పిన సైన్సు అయ్యవారినీ, చేపలు కొనే వ్యాపారినీ రాశాం. రాసేముందు ఇద్దరికీ ఫోన్ చేసి ఒప్పించాం. అది మరవకూడదు.

ఆఖర్న, ఫారం నింపడానికి ఎవరైనా సాయం చేశారా అని అడుగుతుంది. కొందరు ఏజెంట్లు లేదని నొక్కేస్తారు. నేను అవునని పెట్టి నా సెంటర్ చిరునామా ఇస్తాను. సంతకం బటన్ మాత్రం విద్యార్థే నొక్కాలి.

చిరునామా దగ్గర ఇంకో కంగారు. 2022 ఏప్రిల్ 4 నుంచి మా సూళ్లూరుపేట, తడ తిరుపతి జిల్లాలోకి వచ్చాయి. పాస్‌పోర్టులో నెల్లూరు జిల్లా, ఆధార్‌లో తిరుపతి జిల్లా. దీని మీద వీసా ఆపిన అధికారిని నేను చూడలేదు. పుట్టినచోటు పాస్‌పోర్టులో ఎలా ఉంటే అలా, ఇప్పటి చిరునామా ఇప్పుడు ఎలా ఉంటే అలా రాస్తే సరిపోతుంది.

సోషల్ మీడియా సంగతి మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. గత అయిదేళ్లలో వాడిన ఖాతాల పేర్లన్నీ ఫారంలో ఇవ్వాలి. 2025 మే చివర్లో విద్యార్థుల కొత్త ఇంటర్వ్యూ తేదీలు ఇవ్వడం ఆపేసి, జూన్ 18న మళ్లీ మొదలుపెట్టినప్పుడు ఖాతాలన్నీ అందరికీ కనబడేలా తెరిచి ఉంచాలన్న షరతు పెట్టారు. ఇరకం తండ్రికి ఇది నచ్చలేదు. ఆడపిల్ల ఫొటోలు ఊరందరికీ తెరిచి పెట్టడమేందని అడిగాడు. దానికి నా దగ్గర జవాబు లేదు, ఆయన అడిగినదాంట్లో తప్పూ లేదు. అమ్మాయి మాత్రం ఏమీ అనకుండా ఫోన్ తీసి సెట్టింగులు మార్చింది.

మా ఊరికి ఒక సౌకర్యం ఉంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, ఒడిశా హైదరాబాద్ కాన్సులేట్ కిందికి వస్తాయి. బేగంపేట పైగా ప్యాలెస్‌లో 2008లో తెరిచి, 2023లో నానక్‌రామ్‌గూడకు మార్చారు. అది తెరవకముందు తెలుగువాళ్లంతా చెన్నైకే పోయేవాళ్లు. ఇప్పటికీ దేశంలో ఎక్కడ స్లాటు దొరికితే అక్కడ ఇంటర్వ్యూకు పోవచ్చు. మాకు హైదరాబాద్ అంటే రాత్రి ప్రయాణం, చెన్నై అంటే లోకల్ రైలు. సూళ్లూరుపేటలో ఎక్కి సెంట్రల్ పక్కన మూర్ మార్కెట్ దగ్గర దిగి, మెట్రోలో థౌజండ్ లైట్స్ దాకా పోతే కాన్సులేట్ ఎంతో దూరం లేదు. జెమినీ ఫ్లైఓవర్ పక్కనే. వాసన్ గారి జెమినీ స్టూడియో పోయినా ఆ కూడలికి పేరు మిగిలింది. ఫోన్, ల్యాప్‌టాప్, స్మార్ట్ వాచ్ ఏవీ లోపలికి రానివ్వరు. తండ్రి చేతిలో పెట్టి పోవడమే మేలు. బయట డబ్బు తీసుకుని దాచేవాళ్లుంటారు గానీ నాకైతే ధైర్యం చాలదు.

లోపల మాట్లాడేది మహా అయితే మూడు నాలుగు నిమిషాలు. ఇక్కడ 214(బీ) అనే సెక్షన్ గురించి తెలుసుకోవాలి. 1952 నాటి చట్టంలోది. విద్యార్థి వీసా అడిగే ప్రతి మనిషీ అక్కడే స్థిరపడిపోయే ఉద్దేశంతో ఉన్నాడని చట్టం ముందుగా అనుకుంటుంది. కాదని రుజువు చేసుకోవాల్సింది మనమే. చెల్లెలి పెళ్లికి అంతదూరం నుంచి వచ్చి, సొంతూరు వదల్లేదని ఒళ్లంతా పసుపుతో చూపించిన పిల్లకు కూడా ఇదే పరీక్ష. ఊరితో బంధం లేకపోతే ఈ వీసా తలనొప్పికి భయపడి రాకుండానే ఉండిపోయేది. బంధం ఉన్నవాడినే ఈ పద్ధతి ఎక్కువ ఇబ్బంది పెడుతోందని నా అభిప్రాయం.

ఆమె తండ్రి పడవ కాగితాలు, ఇంటి పన్ను రసీదు, బ్యాంకు పుస్తకం సంచిలో పెట్టుకొచ్చాడు. రాయదొరువు దగ్గర ముఖద్వారం ఇసుక మేట వేసి సరస్సులోకి సముద్రపు నీళ్లు సరిగా రావడం లేదు, చేపా రొయ్యా తగ్గాయి. ఆ పుస్తకంలో చూపించడానికి ఏముంటుంది? అది అక్కర్లేదని చెప్పాను. పీహెచ్‌డీ పిల్లకు ఫీజు, జీతం యూనివర్సిటీయే ఇస్తుంది, ఆ అంకెలు ఐ-20 మీదే అచ్చయి ఉంటాయి. తిరిగొచ్చిన విద్యార్థి చూపాల్సింది వేరు. ఇప్పటిదాకా వచ్చిన మార్కుల పత్రం, చదువు మానలేదని కాలేజీ ఇచ్చే పత్రం, గైడు ఉత్తరం, పరిశోధన గురించి ఒక పేజీ. ఐ-20 మీద కాలేజీ అధికారి ప్రయాణ సంతకం ఉండాలి. చదువుతున్నవాళ్లకు అది ఏడాది, ఓపీటీలో ఉన్నవాళ్లకు ఆరు నెలలు చెల్లుతుంది. ఇది లేకుండా ఇంటికి వచ్చినవాళ్లు కాలేజీకి మెయిల్ పెట్టి కొత్తది తెప్పించుకోవచ్చు. విదేశీ విద్యార్థుల రికార్డులుంచే సెవిస్‌లో నంబరు పాతదే అయితే 350 డాలర్ల సెవిస్ ఫీజు మళ్లీ కట్టనక్కర్లేదు.

ఓపీటీలో ఉన్నవాళ్లకు ఒక్క మాట. ఉద్యోగం చేతిలో లేకుండా ఆ సమయంలో వీసాకు రావడం నాకైతే నచ్చదు. నిరుద్యోగానికి ఇచ్చిన 90 రోజుల లెక్క మీరు ఊళ్లో ఉన్నా ఆగదు. చదువు అయిపోయింది కదా, ఇంకా స్టూడెంట్ వీసా ఎందుకని అధికారి అడిగితే కంపెనీ ఉత్తరం తప్ప వేరే జవాబుండదు.

ఇరకం అమ్మాయి పరిశోధన రసాయన పదార్థాల మీద. అధికారి రెండు ప్రశ్నలడిగి, ఆమె చేతికి ఒక కాగితం ఇచ్చి, పరిశోధన వివరాలు మెయిల్ చేయమన్నాడు. దీన్ని 221(జీ) అంటారు. ఇంకా పరిశీలిస్తున్నామని దాని సారాంశం. సైన్సు, ఇంజనీరింగ్ పరిశోధనలో ఉన్నవాళ్లకు ఇది కొత్తేమీ కాదు. కానీ ఆ రాత్రి ఇంటికి పోయి వెబ్‌సైట్‌లో చూసుకుంటే రిఫ్యూజ్డ్ అని కనబడింది. తండ్రి పొద్దున్నే పడవెక్కి నా దగ్గరికి వచ్చేశాడు. పరిశీలనలో ఉన్న దరఖాస్తుకూ వాళ్ల సైట్ అదే మాట చూపిస్తుంది, వీసా మంజూరైతే అది ఇష్యూడ్ అని మారుతుంది. ఈ చిన్న సంగతి తెలియక ఎన్ని ఇళ్లలో అన్నం మానేశారో. అసలు తిరస్కరణ అయితే 214(బీ) అని రాసిన కాగితం చేతికిస్తారు, అప్పుడు పాస్‌పోర్టు కూడా ఇచ్చేస్తారు.

పరిశీలనకు ఇన్ని రోజులని గడువు లేదు. అందుకే సెమిస్టర్ మొదలయ్యే తేదీకి ఆనుకుని వచ్చేవాళ్లను చూస్తే నాకు గుబులు. 2025 డిసెంబరులో హెచ్-1బీ వాళ్ల ఇంటర్వ్యూలను ఒక్కసారిగా నెలల తరబడి వెనక్కి జరిపితే, సెలవు పెట్టి వచ్చిన ఉద్యోగులు ఎంతోమంది ఇక్కడే చిక్కుకుపోయారు. విద్యార్థికి ఇంకో గీత కూడా ఉంది. చదువు పని మీద కాకుండా అయిదు నెలలు దాటి బయట ఉంటే స్టేటస్ పోయినట్టే, మళ్లీ కొత్త ఐ-20, కొత్త సెవిస్ ఫీజు. కాలేజీ అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయానికి మొదటి రోజే చెప్పి ఉంచితే వాళ్లు సెలవు మంజూరు చేయడమో, ఆలస్యంగా చేరనివ్వడమో చూస్తారు. ఆఖరి వారంలో చెబితే వాళ్లు మాత్రం ఏం చేయగలరు?

ఆమెకు వీసా వచ్చింది, సెమిస్టర్ మొదలయ్యాక. ఈలోపు ఆమె గైడుతో రాత్రిళ్లు వీడియోలో మాట్లాడింది, నా సెంటర్‌లోనే, ఇరకంలో నెట్ నిలవదు కాబట్టి. పాస్‌పోర్టు చేతికొచ్చిన రోజు నేను వీసా కాగితం మీది పేరు, పుట్టిన తేదీ, కాలేజీ పేరు, సెవిస్ నంబరు ఒక్కొక్కటీ ఐ-20తో సరిచూశాను. అచ్చుతప్పు ఉంటే ఇక్కడుండగానే కాన్సులేట్‌కు రాయాలి. ఐ-20, మార్కుల పత్రం, యూనివర్సిటీ ఉత్తరం పెద్ద సూట్‌కేసులో పడేయకుండా చేతి సంచిలో పెట్టుకోమన్నాను. విమానం దిగినచోట అధికారి ఇంకోసారి అడుగుతాడు, వీసా ఉన్నా లోపలికి పంపేదీ మానేదీ అతని ఇష్టం. దిగిన రెండో రోజు ఐ-94 తెరిచి డీ/ఎస్ అని ఉందో, ఏదైనా తేదీ పడిందో చూడమన్నాను. తేదీ పడితే వెంటనే కాలేజీ ఆఫీసుకు పోవాలి. చూసిందట, డీ/ఎస్ అనే ఉంది. నాకు దాని ఫొటో పంపింది, వాళ్ల నాయనకు చూపించమని.